ఎండు నార

నెల్లిమర్ల మిల్లులో నా పని
నారకి నూనె పట్టించడం.
ముప్పయ్యొక్క ఏళ్లు అదే పని.
గోగు కట్టలొచ్చీవి,
నానేసిన మడుగు కంపు ఇంకా వదలకుండా.
ముట్టుకుంటే అరిసేతిలో గరగర.
నూనే నీళ్లూ కలిపి సిలకరించి
గుట్టేసి, గోనె కప్పి
రెండ్రోజులు ఒగ్గీయాల.
లోపల్లోపల దానంతటదే ఏడెక్కుతాది.
సెయ్యెడితే
జొరమొచ్చిన గుంటడి నుదురులాగుంటాది.
అప్పుడు గానీ దువ్వెన మిషనుకి పంపకూడదు.
"ఎండు నార దువ్వితే తెగిపోతాది బావూ"
కొత్తోళ్లకి నానే సెప్పీవోణ్ణి.

లాకౌట్ బోర్డు ఎట్టినాక
దగ్గు నాతోపాటు ఇంటికొచ్చీసింది.
షిఫ్టు దిగినప్పుడల్లా బెల్లంగడ్డ సప్పరించీవోళ్లం,
దుమ్ముకి అదే మందని.
కార్డింగు ముకుందు కూడా సప్పరించినాడు,
పోయీ దినం దాకా.

సర్కారు ఆయుర్వేదం ఆస్పత్రి, రెండు గదులు.
గోడమీద కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ బొమ్మలు.
డాక్టరమ్మ హైమవతి నాడి సూసింది, నాలిక సూసింది.
"సున్నం వేసినట్టుంది పెదనాన్నా,
ఆకలేసి ఎన్నాళ్లయింది?"
నాకు జవాబు తోచలేదు.
మిల్లు కూతకి తిన్నాను గానీ
ఆకలికి తిన్నానేటి, ఎప్పుడైనా?

ముందు నాలుగు పొద్దులు ఒట్టి కడుపున నెయ్యంట,
రోజుకో సెంచాడు పెంచి.
ఆనక ఒళ్లంతా నువ్వులనూనె, వావిలాకు ఆవిరి.
ఆపైన ఆముదం.
నాను నవ్వీసినాను.
"ఏం పెదనాన్నా?"
"ఏటి లేదమ్మా. ఇది మా బ్యాచింగు పనే గదా.
నూనె, ఏడి, అప్పుడు దువ్వెన."
ఆయమ్మ పెన్ను ఆపి నాకేసి సూసింది.

నాలుగోనాడు నెయ్యి వాసనకే కడుపు తిప్పింది.
సంపావతి గట్టునించి గౌరీసు వావిలాకు కోసుకొచ్చింది.
కుండమీద మొగమెట్టి
దుప్పటికింద కూకున్నాను,
గుట్టలో నారలాగ.
ఇన్నాళ్లకి తెలిసింది
దానికి ఎలాగుండీదో.

ఆముదం నాడు
తెల్లారగట్ట నాలుగునించి తొమ్మిదిసార్లు.
సిగ్గేటి, సెప్పీస్తాను,
ఎల్లిన ప్రతిసారీ ఎతికినాను,
ఒక్క పీసైనా వొస్తాదేమోనని.
బంగారురంగు పీసు,
ఎక్కడో లోపల సుట్టుకుపోయింది.
ఏటీ లేదు.
ఆకరికి ఒట్టి నీళ్లు, కాళ్లలో ఒణుకు.
మాపిటేళ గంజిలో ఉప్పుకల్లేసి తాగితే,
ఒలమ్మా, ఆకలి!
బడినించి పరిగెట్టుకొచ్చినప్పటి ఆకలి.

"పీసు రాలేదమ్మా" అన్నాను మల్లీ ఎల్లి.
అబద్దం సెప్పలేదు ఆ పిల్ల.
"ఇది కడుపుకే పెదనాన్నా.
ఊపిరితిత్తుల్లో దిగింది దీనికి రాదు.
విజయనగరం పెద్దాసుపత్రికి చీటీ రాస్తాను, వెళ్లు.
ఇంట్లో మాత్రం ఇవి మానకు."
కాయితమ్మీద నాలుగు ముక్కలు:
వేపపుల్ల. నాలికబద్ద.
నోట్లో నూనె. ముక్కులో రెండు సుక్కలు.
సీటీ జేబులోనే ఉంది.
ఇంకా ఎల్లలేదు.

కూత లేదిప్పుడు.
అయినా అయిదుంపావుకి మెలకువే.
పుల్ల నమిలి, నాలిక గీసి,
గుక్కెడు నువ్వులనూనె నోటబట్టి
అరుగుమీద కూకుంటాను.
నూనె ఉన్నంతసేపు మాటాడకూడదు గదా,
అప్పుడు ఇనపడింది.
నా దగ్గు కాదు, ఇంకోటి.
పెరట్లో, సన్నంగా,
కొంగు అడ్డమెట్టుకుని.

గౌరీసు మిల్లు గేటైనా దాటలేదు.
నా సొక్కాలు దులిపింది, అంతే.
గుమ్మంకాడ నిలబడి
రోజూ.

నూనె ఉమ్మీసినాను.
సీటీ తీసి సూస్తే ఒక పేరే ఉంది.
రెండో పేరు రాయించాల.
ఈలోగా పీటేసి కూకోబెట్టినాను,
నూనె ఏడి సేసి
అరికాళ్లనించి మొదలెట్టినాను.
పగుళ్లు. ముట్టుకుంటే గరగర.
"పొయ్యిమీద అన్నం మాడిపోతాది, ఒగ్గు" అంది.
"ఉండెహె" అన్నాను,
"నాననీ."